నా హస్తవాసి, నవాబు సూది

చేపముల్లు గొంతులో అడ్డంపడితే గట్టిగా ఒక అన్నం ముద్ద మింగమంటారు. చేపలమ్మేవాణ్ణి కాబట్టి ఈ సలహా నేను ఎంతమందికి ఇచ్చానో లెక్కలేదు. నా గొంతులో మాత్రం ఒక ముల్లు ఏళ్ల తరబడి ఉండిపోయింది. ముద్ద మీద ముద్ద మింగాను. టీలు తాగాను. ఒక పెళ్లిలో దాని మీదుగా బిర్యానీ కూడా తిన్నాను. కదల్లేదు.

మీరెవరో నాకు తెలీదు. అదే నయం. తెలిసినవాళ్లకి చెబితే సాయంత్రానికల్లా గుణదల అంతా పాకుతుంది. మా వీధిలో కబుర్లు పాకించే పని మామూలుగా నాదే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

సరే, చెప్పేస్తున్నాను. ఒక పిల్లికి ఇన్సులిన్ సూది వేసే విషయంలో నేనొక మనిషిని మోసం చేశాను.

నవ్వుకోండి, పర్వాలేదు. మొదట్లో నేనూ నవ్వాను. తంటా అంతా ఆ నవ్వు దగ్గరే వచ్చింది.

ఆ మనిషి మా ఖైరూన్ ఆపా. నా చేపల బల్లకి ఎదురుగా, మొదటి అంతస్తులో ఉన్న కిటికీ ఆవిడది. కిటికీలో కుట్టు మెషిను, మెషిను వెనక ఆవిడ, ఆవిడ ఒడిలోనో కాళ్ల దగ్గరో నవాబు. నవాబంటే పిల్లి. భర్త పోయాక ఆ ఇంట్లో మాట్లాడ్డానికి ఉన్న ఒకే ఒక్క మగాడు వాడేనని ఆవిడే అనేది. వరస కలిపింది కూడా ఆవిడే. నేను బల్ల పెట్టిన మొదటిరోజే కిటికీలోంచి, "ఏం తమ్ముడూ, ముళ్లు లేని చేప ఉందా?" అంది. "ఉందాపా, గోడ మీద క్యాలెండర్లో" అన్నాను. అంతే, అక్కాతమ్ముళ్లమైపోయాం.

ఆవిడ చేతి కుట్టు గురించి మా పేటలో ఎవర్నడిగినా చెబుతారు. ఒకసారి మనిషిని చూస్తే చాలు, టేపు కూడా అక్కర్లేదు. పెళ్లి జాకెట్టు ఆపా కుడితే ఆ కాపురం నిలబడుతుందని ఒక నమ్మకం కూడా ఉండేది. వైద్యుడికి హస్తవాసి అంటారు చూడండి, చెయ్యి మంచిదైతే మందు పనిచేస్తుందని, అలాగన్నమాట. ఆపా చెయ్యి అలాంటిది. ఇది గుర్తుపెట్టుకోండి. నేను పాడుచేసింది దీన్నే.

నవాబు ఉన్నట్టుండి చిక్కిపోవడం మొదలెట్టాడు. తింటున్నాడు, చిక్కుతున్నాడు. నీళ్ల గిన్నె దగ్గర్నుంచి లేవడు. కిటికీ మీదకి ఎగిరేవాడు కాస్తా దాని కింద నిలబడి పైకి చూస్తున్నాడు, లిఫ్టు కోసం ఎదురుచూసే పెద్దమనిషిలాగా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నా స్కూటర్ మీద, చేపల ట్రేలో, పైన పాత వల కప్పి. దారంతా ట్రే నాకుతూ కూర్చున్నాడు వాడు. స్వర్గానికి ఇలాగే తీసుకెళ్తారనుకుని ఉంటాడు. వెనక కూర్చున్న ఆపా మాత్రం నా చొక్కా తడిపేసింది.

షుగరన్నాడు డాక్టరు గారు. వాడు ఉయ్యూరు చుట్టాలింట్లో పుట్టాడు లెండి. "చెరకు తోటల్లో పుట్టినోడికి షుగరు రాక ఉప్పొస్తుందా ఆపా?" అన్నాను. అంత ఏడుపులోనూ నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ వెయ్యాలన్నాడాయన. సిరంజి మీద ఏ గీత దాకా తియ్యాలో చూపించాడు. ఎలా వెయ్యాలో నేర్పడం మొదలెట్టేసరికి ఆపా గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. "నువ్వు విను తమ్ముడూ. ఇంటికెళ్లాక నాకు చెప్పు" అంది.

నువ్వు విను. ఏడో తరగతిలో బడి మానేశాక నన్ను శ్రద్ధగా వినమని అడిగింది ఆవిడొక్కతే. నిజంగానే విన్నాను. ముందు తిండి పెట్టాలి. తింటుండగా పక్కన కూర్చోవాలి. వెనక నుంచి వెళ్తే ఏ కుక్కో అనుకుని బెదురుతాడు. మందు సీసాని ఊపకూడదు, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. ఫ్రిజ్‌లోది కాబట్టి సిరంజిలోకి తీశాక కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చల్లదనం పోతుంది. డొక్క దగ్గర తోలు రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ గుడారం అడుగున సూది పెట్టాలి. ఇవాళ కుడివైపైతే రేపు ఎడమవైపు. ఆఖర్న ఆయన మరీ మరీ చెప్పింది ఇంకొకటుంది. స్పిరిట్ రాయొద్దు, ఆ ఘాటూ ఆ చల్లదనమూ పిల్లులకి పడవు అని.

ఇంటికొచ్చి ఆపాకి అన్నీ అప్పజెప్పాను. ఆ ఆఖరుది తప్ప. తప్ప అంటే అదీ అబద్ధమే. ఆఖరుది తిరగేసి చెప్పాను.

"ముందు స్పిరిట్‌తో బాగా తుడవాలి ఆపా. ఆస్పత్రిలో నర్సమ్మల్లాగా."

ఎందుకన్నాను? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అప్పటికి అది నాకు అబద్ధంలా అనిపించలేదు. ఆట. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయికి, పీతల్ని పక్కకి నడవడం మాన్పించి వండాలమ్మా, లేకపోతే పులుసు గిన్నెలోంచి పక్కకి పోతుందని చెప్పినవాణ్ణి. ఆ పిల్ల పీతని తిన్నగా నడిపిస్తుంటే వీధి వీధంతా నవ్వింది, తర్వాత ఆ పిల్లా నవ్వింది. ఇదీ అలాగే అనుకున్నాను. పిల్లి ఒక్క గెంతు గెంతుతుంది, ఆపా కెవ్వుమంటుంది, నేను నిజం చెబుతాను, నెత్తి మీద ఒకటి పడుతుంది, టీ వస్తుంది.

పిల్లి గెంతింది. తడి దూది ఇలా తగిలిందో లేదో, లిఫ్టు కోసం చూసే ఆ పెద్దమనిషి నేల మీంచి మెషిను మీదకి, మెషిను మీంచి బీరువా మీదకి, అక్కణ్ణుంచి అటక మీదకి పోయాడు. నేను నవ్వలేక కింద కూర్చుండిపోయాను. కళ్లు తుడుచుకుని తలెత్తితే, ఆపా నవ్వట్లేదు. సిరంజి పట్టుకున్న తన చేతి వంక చూసుకుంటోంది.

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆవిడ, "నువ్వు వెయ్యరా తమ్ముడూ, వాడికి మందు పడకపోతే ఎలా?" అంది. మందు పడటం ముఖ్యం కదా, ముందు వేసేసి తర్వాత చెబుదాంలే అనుకున్నాను. మీ భయం వాడికి అంటుకుంటుంది, మీరు పరదా వెనక ఉండండని ఆవిణ్ణి పంపేశాను. స్పిరిట్ సీసా మూత తియ్యలేదు. ఉడకబెట్టిన చేపముక్క చిదిపి పళ్లెంలో పెట్టాను. నవాబు దిగొచ్చాడు. నా వాసన వాడికి పుట్టిల్లు. పక్కన కూర్చుని, వాడు కుదురుగా ఉండటానికని నోటికొచ్చింది మెల్లగా గొణిగాను. నాకు మంత్రాలేమొస్తాయి? వచ్చినవి చేపల పేర్లే. "శీలావతి... బొచ్చె... కొరమేను... రూప్‌చంద్..." తోలు ఎత్తాను, సూది పెట్టాను, తీశాను. వాడు పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

పరదా పక్కకి జరిగింది. ఆపా వచ్చి నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నీ చేతిలో వాసి ఉందిరా తమ్ముడూ. బంగారంరా ఇది" అంది.

మీకు అర్థం కావాలంటే నా చెయ్యి గురించి ఒక మాట చెప్పాలి. దాన్ని నిమ్మకాయతో రుద్దినా, సబ్బుతో తోమినా వాసన పోదు. బస్సులో నాకెప్పుడూ రెండు సీట్లు, పక్కన ఎవరూ కూర్చోరు. నేనే దాని మీద జోకులేస్తాను, ఎవరో వెయ్యకముందే. అలాంటి చేతిని ఒక మనిషి పట్టుకుని బంగారమంది. అదీ ఎవరు? చేతి పనిలో పేరున్న మనిషి. నేను చెబుదామనుకున్న నిజం అక్కడే, ఆ రెండు చేతుల మధ్యే ఎక్కడో జారిపోయింది.

రేపు చెబుదామనుకున్నాను. రేపు సేమియా పెట్టింది. సేమియా తింటూ చెప్పలేం కదా.

అలా రెండు పూటలా వెళ్లడం మొదలైంది. చెప్పాలంటే సిగ్గేస్తోంది, నా బతుకులో అవి మంచి రోజులు. పొద్దున బేరం మొదలెట్టే ముందు నవాబు సూది, ఆపా టీ. సాయంత్రం బల్ల కడిగాక మళ్లీ అదే. పరదా వెనకనుంచి ఆవిడ ఊపిరి బిగబట్టడం నాకు వినిపించేది. నేను చేపల పేర్లు ఇంకాస్త గంభీరంగా చదివేవాణ్ణి. నవాబు కోలుకున్నాడు. ఒళ్లు చేశాడు. కిటికీ మీదకి మళ్లీ ఎగిరాడు. నా పేరు పేటంతా పాకింది, ఈసారి నేను పాకించకుండానే. ఒకాయన కొత్త టిఫిన్ బండి పెట్టుకుంటూ, తొలి ఇడ్లీ నీ చేత్తో తిని బోణీ చెయ్యవయ్యా అన్నాడు. వెళ్లి తిన్నాను. ఇడ్లీ గట్టిగా ఉంది. బండి మాత్రం బాగా నడిచింది.

మధ్యమధ్యలో ఆపా తనూ ప్రయత్నించేది. నేను చెప్పినట్టే, పద్ధతిగా, ముందు స్పిరిట్. నవాబు అటక. మళ్లీ స్పిరిట్. మళ్లీ అటక. ప్రతిసారీ నేను చూస్తూ నిలబడ్డాను. బల్ల మీద ఆ సీసా నా వంక చూస్తున్నట్టుండేది. అసలు సంగతి దానికీ నాకూ మాత్రమే తెలుసు. మొదటిరోజు చేసింది ఆట, ఒప్పుకుంటాను. ఆ తర్వాత నిలబడి చూసినదాన్ని ఏమంటారు? ఆట అంటే ఎదుటివాళ్లు కూడా చివరికి నవ్వాలి. ఇక్కడ చివరనేది రాకుండా పట్టుకున్నది నేను.

గుణదల తిరునాళ్లు వచ్చాయి. సరుకు కోసం బందరు వైపు వెళ్లి సాయంత్రం తిరిగొస్తుంటే, కొండకి వెళ్లే జనంతో దారులన్నీ మూసేశారు. నేను ఎక్కడో ఆగిపోయాను. ఇల్లు చేరేసరికి సూది వేళ దాటింది. నవాబు అటక మీద. ఆపా కింద, చేతిలో సిరంజి, గదంతా స్పిరిట్ కంపు. నేను చేపముక్క చూపించి, గొణిగి, వేసేశాను. ఎప్పటిలాగే వాడు తల ఎత్తలేదు. ఆపా టీ పెట్టలేదు. నేనూ అడగలేదు.

మర్నాటి నుంచి మెషిను మోగలేదు.

మా వీధికి ఆ చప్పుడే గడియారం. అది మొదలైతే పొద్దెక్కినట్టు, ఆగితే భోజనం వేళ. అది లేకపోయేసరికి నేను చేపలు కోస్తుంటే కత్తి చప్పుడు నాకే పెద్దగా వినపడింది. సూది వెయ్యడానికి వెళ్లినప్పుడల్లా కొన్నాళ్లు చూసీ చూడనట్టు వచ్చేశాను. ఒకరోజు ఇక ఉండలేక, సూది వేశాక కిటికీ దగ్గరే ఆగాను. మెషిను మీద దుప్పటి అలాగే కప్పి ఉంది.

"ఏంటాపా, మెషిను మూగబోయింది? బెల్టు తెగిందా?"

"బెల్టుకేం, బానే ఉంది. చెయ్యే పోయింది తమ్ముడూ."

"ఎక్కడికీ పోలేదు, ఇదిగో టీ గ్లాసు పట్టుకునుంది."

"నవ్వకురా. నోరులేని జీవి నా చేతిలో సూది చూస్తేనే పారిపోతోంది. వాడికి తెలిసిపోయింది. మనుషులకి ఇంకా తెలీదు, అంతే."

"పిల్లి మాట పట్టుకుని..."

"ఫర్హానా పెళ్లి బట్టలు కుట్టనని కబురు పెట్టేశాను. ఆ పిల్ల ఫోన్లో ఒకటే ఏడుపు. ఏడిస్తే ఏడవనీ. పెళ్లి బట్టలురా అవి. వాసి పోయిన చేత్తో కుట్టి, రేపు దాని కాపురానికి ఏమన్నా అయితే?"

ఫర్హానా బందర్లో ఉన్న ఆవిడ చెల్లెలి కూతురు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి ఒంటి మీద పడిన ప్రతి గుడ్డా ఆపా కుట్టిందే. ఆ సంగతి నాకు తెలుసు.

తిరిగొచ్చి బల్ల ముందు కూర్చున్నాను. బొటనవేలు కోసుకున్నాను. ఇన్నేళ్ల పనిలో అలా ఎప్పుడూ కోసుకోలేదు. వెళ్లి చెప్పెయ్యాలి. ఒక్క ముక్క. స్పిరిట్ వద్దన్నాడాపా, నేనే సరదాకి. ఆ ముక్క నాలిక దాకా వచ్చేది, అక్కడ నిలబడి నా కుడిచేతి వంక చూసేది, వెనక్కి పోయేది. చెబితే ఆవిడ చెయ్యి ఆవిడకి తిరిగొస్తుంది, నా చెయ్యి మళ్లీ చేపలవాడి చెయ్యి అయిపోతుంది. ఇంత చిన్న లెక్కకి నేను అంత తన్నుకున్నాను. చెబితే ఆవిడ బాధపడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. బాధపడేది నేను.

చివరికి నేనేం చేశానంటే, ఇంకో అబద్ధం. మొదటిదాన్ని తియ్యడానికి. ముల్లుని ముల్లుతోనే తీస్తారని ధైర్యం చెప్పుకున్నాను.

"ఆపా! డాక్టరు గారు కనపడ్డారు. పద్ధతి మార్చారట. స్పిరిట్ రాయకూడదట!"

మందు ఆవిడ చేతే తీయించాను. గుప్పిట్లో పట్టుకోమన్నాను. నవాబుకి ముక్క పెట్టాం. ఈసారి పరదా వెనక నేను నిలబడ్డాను. ఆవిడ వాడి పక్కన చతికిలబడింది.  తర్వాత మెల్లగా, భయంభయంగా వినపడింది: "శీలావతి... బొచ్చె... కొరమేను... రూప్‌చంద్..."

ఇన్నాళ్లూ విని బట్టీ పట్టేసింది! నేను నోట్లో కండువా కుక్కుకున్నాను.

"పడిందా?" అని ఆవిడే అడిగింది, వేసింది తనే అయ్యుండి. "తమ్ముడూ, పడిందా? వాడు తల కూడా ఎత్తలేదేంట్రా!" పరదా తీసి చూశాను. నవాబు పళ్లెం నాకుతున్నాడు. ఆపా ఖాళీ సిరంజి పట్టుకుని చిన్నపిల్లలా నవ్వుతోంది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, రెండూ ఒకేసారి. లేచి తిన్నగా వెళ్లి మెషిను మీద దుప్పటి ఒక్క లాగు లాగింది. ఆ రోజు మెషిను మోగిన మోత విని వీధిలో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చారు. ఒకావిడ నా దగ్గర కొన్న చేపల సంచి బల్ల మీదే మర్చిపోయి ఆపా ఇంట్లోకి పరిగెత్తింది.

ఫర్హానా పెళ్లికి నన్నూ తీసుకెళ్లారు. ఎర్రటి పెళ్లి బట్టల్లో ఆ పిల్ల దీపంలా ఉంది. కుట్టు ఎక్కడుందో వెతికినా కనపడలేదు. వచ్చినవాళ్లందరికీ ఆపా నన్ను చూపిస్తూ, "మా తమ్ముడు. నా చెయ్యి నాకు తెచ్చిపెట్టింది వీడే" అంటోంది. అప్పుడన్నా చెప్పొచ్చు కదా? బిర్యానీ తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా, దాచను.

ఇదంతా జరిగి ఏళ్లయింది. ఫర్హానా కూతురు బడికెళ్తోంది. నవాబు ముసలాడయ్యాడు, ఒక కన్ను మసకేసింది, అయినా రెండు పూటలా మందు పడుతోంది, తల ఎత్తడు. పై వాటాలో అమ్మాయి పిల్లికీ షుగరొస్తే ఆపాయే దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. "ముందు ఇంట్లో స్పిరిట్ సీసా ఉంటే అవతల పారెయ్" అన్నది మొదటి పాఠం. చేపల పేర్లు రెండో పాఠం. ఆ అమ్మాయి పూర్తి శాకాహారి. అయినా కొరమేను దగ్గర తడబడకుండా చెబుతుంది.

హాయిగా ఉంది కదా కథ? నాకూ అలాగే ఉండేది, ఒక్కటి తప్ప. స్పిరిట్ రాయమన్నందుకు ఆపా ఈ ఏళ్లన్నీ డాక్టర్ని తిడుతూనే ఉంది. టీ తాగుతూ తిడుతుంది, చేపలు ఏరుకుంటూ తిడుతుంది. నేను తల ఊపుతాను. మందు షాపులోనే దొరుకుతోంది, ఆయనెక్కడో, మేమెక్కడో, తిట్టు గాల్లో పోయేదేగా అనుకునేవాణ్ణి.

మొన్న ఆదివారం ఆ డాక్టరు గారు నా బల్ల దగ్గరికి చేపలకొచ్చాడు.

పైనుంచి కిటికీ తలుపు భళ్లున తెరుచుకుంది. "ఓ డాక్టర్ బాబూ! మీకు బుద్ధుందా అండీ?" తిట్టేటప్పుడు కూడా అండీ వదలదు మా ఆపా. "నోరులేనిదానికి స్పిరిట్ రాయమని చెబుతారా ఎవరన్నా? నా చెయ్యే పోయిందని మెషిను మూసేశానండీ నేను!"

వీధంతా ఆగింది. నా చేతిలో శీలావతి ఉంది. పొలుసు ఎప్పుడో అయిపోయింది, నేనింకా గీకుతూనే ఉన్నాను. ఆయన పైకి చూశాడు, నుదురు రుద్దుకున్నాడు. "అలా అన్నానా అమ్మా? పొరపాటున అనుంటానండి. సారీ అండీ" అన్నాడు. ఆపా కోపం అక్కడే కరిగిపోయింది. పైకి రండి, టీ తాగండి, నవాబుని చూడండి అంది. వెళ్లాడు. చూశాడు. పైనుంచి ఇద్దరి నవ్వులూ వినపడ్డాయి.

కిందికొచ్చి సంచి అందుకుంటూ ఆయన నాతో మెల్లగా అన్నాడు. "నేనలా చెప్పే మనిషిని కాదయ్యా. ఎలా చెప్పానో అర్థం కావట్లేదు. మతిమరుపు మొదలైనట్టుంది."

అలా అని తన చేతుల వంక చూసుకున్నాడు. ఆ చూపు నేనెరుగుదును. మొదటిరోజు సిరంజి పట్టుకుని ఆపా చూసిన చూపే.

చెయ్యని తప్పుకి ఆయన ఒక్క క్షణంలో సారీ చెప్పేశాడు. చేసినవాణ్ణి నేను, అడక్కుండానే రొయ్యలు ఒలిచి సంచిలో వేశాను. అదే నేను చెప్పిన సారీ. అంతకంటే పిరికి సారీ ఉంటుందా?

అందుకే మీకు చెప్పాను. క్షమించమని కాదు, మీరు క్షమిస్తే నాకేం ఒరుగుతుంది, మీ చేతికేం కాలేదుగా.

రేపు పొద్దున కిటికీ తెరుచుకుంటుంది. సారీ చెప్పించుకున్నంత మాత్రాన ఆపా తిట్టడం మానే రకం కాదు, మళ్లీ మొదలెడుతుంది. ఇన్నేళ్లూ తల ఊపాను. రేపు ఊపను. ప్రస్తుతానికి నా ధైర్యం అంతవరకే. ఏరా, తల ఊపవేంట్రా అని ఆవిడ అడక్క మానదు. అడిగాక ఏం జరుగుతుందో, టీ వస్తుందో, స్పిరిట్ సీసా నెత్తి మీదకి వస్తుందో నాకు తెలీదు.

ఇప్పుడే ఒక గుటక మింగి చూశాను. ముల్లు అక్కడే ఉంది. కాకపోతే కాస్త పక్కకి తిరిగింది.